మొదటి పేజీల మా అమ్మ

నా దుకాణం షట్టర్ మీద కాయితం అంటిచ్చినోన్ని నేను ఇడిసిపెట్ట. ఎవలైనా సరే. దిల్‌సుఖ్‌నగర్‌ల కోచింగోళ్లు, హాస్టలోళ్లు, జుట్టు మొలిపిచ్చే నూనెలోళ్లు వచ్చి గోడలు నింపిపోతరు, పొద్దుగాల నేను నీళ్లు, చాకు పట్టుకొని గీక్కుంట కూసోవాలె. నాది మ్యాచింగ్ సెంటర్. చీరెకు తగ్గ జాకెట్ బట్ట, ఫాల్, లంగాలు అమ్ముత. షట్టర్ మీద బంక మరకలు చూస్తె ఆడోళ్లు మొఖం తిప్పుకొని పక్క దుకాణంలకు పోతరు. పక్కోడు నవ్వుకుంట గల్లా సదురుకుంటడు. నాకు ఒళ్లు మండదా మరి?

ఆ పొద్దు అంటిచ్చేటాయన చేతికి చిక్కిండు. తెల్ల బూట్లు, నెత్తిమీద టోపి, సంకల కాయితాల కట్ట. చూస్తె పెద్దమనిషే. "ఏందయ్యా, గిది నీ అత్తగారిల్లా?" అన్న. ఆయన బిత్తరపోయిండు. "క్షమించండమ్మా, మంచి పని కోసమేనండి," అన్నడు. కోస్తా దిక్కు మాట. రిటైరైన ఇంజనీరట, ఎల్బీ నగర్‌ల ఫ్లాట్‌ల ఉంటడట. తన తోని పొద్దుగాల నడిచేటోళ్లను పోగేసి, అక్కడి ఫంక్షన్ హాల్ల పాత పేపర్ల మొదటి పేజీలు, సిటీల పాత కట్టడాల ఫోటోలు పెడ్తున్నరట. "మన నగర చరిత్ర అండి, ప్రవేశం ఉచితం," అన్నడు. "అంత మంచి పనైతె నీ ఇంటి తలుపు మీద అంటిచ్చుకో. గీకు ముందుగాల," అని చాకు ఆయన చేతికే ఇచ్చిన.

పాపం, గీకిండు. సగం కాయితం ఊడింది. మిగిలిన సగం మీద ఒక పాత పేపర్ బొమ్మ చిన్నగ అచ్చేసి ఉన్నది. దాంట్ల ఒక బంగ్లా. మెట్లు, కమాన్లు, వెనక మూసీ ఒడ్డు. "ఆగు ఆగు, గీకకు," అన్న. ఆయన నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ యాదికున్నది. గీకమన్నది నేనే, ఆగమన్నది నేనే. పిచ్చిదనుకొని ఉంటడు.

నాకు మా అమ్మ ఫోటో లేదు. గదే నా బాధ, దానికే గీ లొల్లంత. అమ్మ పోయేనాటికి నాకు మాటలు గూడ సరిగ్గ రాలేదట. ఆమె మొఖం నాకు యాదికి లేదు. ఎంత కండ్లు మూసుకున్నా రాదు. మాకు పెండ్లి ఫోటోల పద్ధతి గూడ లేకుండె. ఒక్క నాయిన మాత్రం ఎప్పుడన్న మంచిగ ఉన్నప్పుడు అనేటోడు, "మీ అమ్మ పేపర్ల పడ్డది బిడ్డ. మొదటి పేజీల. మూసీ ఒడ్డు బంగ్లాకు సున్నం పని చేస్తుంటె పేపరోడు వచ్చి ఫోటో తీసిండు." ఆ పేపర్ ఏది నాయినా అంటె, హోటల్ల చాయ్ తాగుతుంటె ఎవలో చూపిచ్చిండ్రని చెప్పేటోడు. మా నాయినకు సదువు రాదు. ఏ పేపరో, ఏ యాడాదో ఆయనకేం ఎరుక?

మాది నల్లగొండ దిక్కు ఊరు. మా పెద్దనాయిన, అంటే నాయిన అన్న, సున్నం పనిల మేస్త్రి. నాయిన ఆయన చేతి కింద పని చేసేటోడు. పాత బంగ్లాలకు సున్నం నూరి, పూత పూసి, అద్దం లెక్క నునుపు తేలిచ్చెటోళ్లు. ఆ సున్నాన్ని గంపల ఎత్తుకొని బొంగుల నిచ్చెనలు ఎక్కింది మా అమ్మ. మా పెద్దమ్మ ఏనాడు గంప ముట్టలే. మేస్త్రి పెండ్లాం మొయ్యదట, మేస్త్రి తమ్ముని పెండ్లాం మొయ్యాలెనట! ఒక వానకాలం అమ్మకు జరమొచ్చింది. జరంతోనే పనికి పోయిందట. దవాఖానకు తీస్కపోయేటాలకే అయిపోయింది. గీ ముచ్చట మా మేనత్త నాకు చెప్పినప్పటి సంది పెద్దనాయిన పేరెత్తితె నాకు కడుపు రగుల్తది. చంపాపేట్‌ల కొడుకు దగ్గరుంటడు. నా దుకాణం నుంచి ఆటోల పోతె ఎంత దూరం? నాయిన దినం అయినంక ఆ గడప తొక్కలే నేను.

పేపర్ కోసం ఒకపాలి నేనే పోయిన. సిటీల పాత పేపర్లు, పాత కాయితాలు దాసిపెట్టే సర్కారు ఆఫీస్ ఒకటుంది. అద్దం వెనక కూసున్నాయన నా దిక్కు చూడకుండనే, "తేదీ చెప్పమ్మా," అన్నడు. తెల్వదు సార్ అన్న. "పేపర్ పేరు?" తెల్వదు సార్. "మరేం తెలుసు నీకు?" మొదటి పేజీల మా అమ్మ ఫోటో ఉన్నదని తెలుసు, మూసీ ఒడ్డు బంగ్లా అని తెలుసు. "తేదీ లేకుంటే ఎట్ల తియ్యాలె? నీ ఒక్కదాని కోసం గోదామంత కింద పొయ్యాల్నా? పరిశోధన చేసేటోళ్లకే ఇస్తం. లెటర్ ఉన్నదా?" అన్నడు. మా అమ్మ మొఖం చూసుకునేటందుకు నాకు లెటర్ ఎవలిస్తరు సార్ అన్న. అప్పుడు తల ఎత్తిండు. "మీ అమ్మ ఎవరు? లీడరా? మొదటి పేజీల పడనీకె?" అన్నడు. పక్క కుర్చీలోళ్లు ఇకఇక నవ్విండ్రు.

"లీడర్ కాదు. నీ అసొంటోళ్లు కూసొని నిద్రపోయే బంగ్లాలకు సున్నం మోసింది," అన్న. అంతే, గేటాయన వచ్చి, పో అమ్మా పో అని నన్ను మెట్లు దించిండు. ఆ నవ్వు మాత్రం చెవులల్ల ఉండిపోయింది. మల్ల పోలే.

గందుకే ఆ సగం చినిగిన కాయితం చూసినప్పుడు గీకకు అన్న. ఐతారం దుకాణం బంద్ పెట్టి ఎల్బీ నగర్ పోయిన. హాల్ల ముందటి నాటి పెండ్లి పూలు ఇంక స్టేజి మీదనే ఉన్నయి, వాడిపోయి. కుర్చీలకు రిబ్బన్లు. గోడల పొంటి ఫ్లెక్సీల మీద పెద్దగ అచ్చేసిన మొదటి పేజీలు. ఎవలో గెలిచిండ్రు, ఎవలో సచ్చిండ్రు, మూసీ పొంగింది, ఎవలో మంత్రి దండ ఏసుకున్నడు. జనం ఫోన్లు పట్టుకొని వాటి ముందల నిలబడి ఫోటోలు దిగుతున్నరు. నేను ఒక్కొక్కటి తోసుకుంట పోయిన. కట్టడాల దిక్కు ఆఖరుకు దొరికింది. ఆ బంగ్లానే. ఇప్పుడు మూసారాంబాగ్ దిక్కు పోతె గది లేదు, ఎప్పుడో కూలగొట్టిండ్రు. కమాన్లకు కొత్త సున్నం, తెల్లగ మెరుస్తున్నది. బొమ్మ కింది అంచుల ఒక గంప అంచు కనపడ్తున్నది. గంతే. మనిషి లేదు. ఒక్క మనిషి లేదు.

ఇంజనీరాయన మైకు పట్టుకొని ఎవలికో చెప్తున్నడు. భుజం పట్టి తిప్పిన. "గీ బొమ్మల మనుషులేరి?" అన్న. నన్ను గుర్తుపట్టి జర భయపడ్డడు. "ఓహ్, మీరా అమ్మా! అదేనండీ, ఒరిజినల్లో కింద కూలీలు అడ్డంగా నుంచున్నారు. బిల్డింగ్ అందం నీటుగా కనపడదని కట్ చేసేశామండి," అన్నడు.

నా దిమాక్ ఖరాబైంది. "అడ్డమా? ఎవలికి అడ్డమయ్యా? గా బంగ్లాకు పూత పూసినోళ్లు గా బంగ్లాకే అడ్డమా? నీ చేతులు ఇరగ! మా అమ్మను కత్తిరిచ్చి పారేసినవా?" అన్న. ఇంక ఏమేమో అన్న, అన్నీ ఇక్కడ రాయ. ఆయన మైకు బంద్ చేసుకోలే. నేను తిట్టిన తిట్లన్నీ హాలంత, బయట బజ్జీల బండి దాంక ఇనపడ్డయి. "అమ్మా, తల్లీ, మైకు ఆన్‌లో ఉందమ్మా," అని ఆయన దండం పెట్టిండు. "ఉండనీ, ఇననీ," అన్న. ఆఖరుకు ఆయన భార్య వచ్చి నా చెయ్యి పట్టుకొని కుర్చీల కూసోబెట్టింది. "పూర్తి ఫోటో ఇంట్లో కంప్యూటర్లో ఉందండి, రేపు వచ్చి చూసుకోండి, మీకే ఇచ్చేస్తారు," అని నీళ్లిచ్చింది. అప్పుడు తెలిసింది, ఆ సర్కారు ఆఫీసోళ్లే ఈయనను కూసోబెట్టి, చాయ్ తాపి, స్కాన్ చేసిచ్చిండ్రట. ఈయనను ఎవలు లెటర్ అడగలే. మీ అమ్మ లీడరా అని అడగలే.

తెల్లారి వాళ్ల ఫ్లాట్‌కు పోయిన. ఆయన కంప్యూటర్ ముందల నాకే కుర్చీ ఏసి, తను వెనక నిలబడ్డడు. బొమ్మ తెరిచిండు. బంగ్లా మెట్ల మీద నడుమ నెత్తికి రుమాల్ చుట్టుకొని, నడుము మీద చెయ్యి పెట్టుకొని మా పెద్దనాయిన. ఎన్నేండ్ల కిందిదైనా ఆ పొగరు నిలబడుడు నేను గుర్తుపట్టనా? ఆయనకు ఈ పక్కన నెత్తిన గంప పెట్టుకొని ఒకామె. ఫోటో తీసేటోని దిక్కు చూసి పండ్లన్నీ కనపడేటట్టు నవ్వుతున్నది. ఆ పక్కన ఆఖరుకు ఇంకొకామె, గోడ దిక్కు తిరిగి ఉన్నది, కొంగు మొఖం మీదికి గుంజుకున్నది. మా నాయిన పైన బొంగుల మీద ఉన్నడో ఏమో, హాల్ల కత్తిరిచ్చిన పక్క అంచుల కాళ్లు ఏలాడుతున్నయి.

"వీళ్లలో మీ అమ్మగారు ఎవరండీ?" అన్నడు ఇంజనీరు మెల్లగ.

"నవ్వేటామె," అన్న. ఒక్క గడియ గూడ ఆలోచన చెయ్యలే. ఆ నవ్వు చూడంగనే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అంత పనిల, అంత ఎండల, ఆ మేస్త్రి పక్కన నిలబడి గూడ నవ్విందంటె నా తల్లే అయి ఉండాలె అనుకున్న. ఇంజనీరు భార్య కాఫీ తెచ్చింది, ఆమె గూడ కండ్లు తుడుసుకున్నది. నిన్న ఇంత మందిల తిట్టినదాన్ని, ఇయ్యాల వాళ్ల సోఫాల ఏడుసుకుంట కూసున్న. ఇంజనీరు ఆ ఫోటోను కాయితం మీద పూరాగ అచ్చేసి ఇచ్చిండు. మంచోడే, ఏం చేస్తం, అకల్ తక్కువ.

దిల్‌సుఖ్‌నగర్‌ల స్టూడియో ఆయనతోని నవ్వేటామె మొఖం ఒక్కటే పెద్దగ చేయిచ్చిన. రంగు ఎయ్యాల్నా అన్నడు. ఎయ్యి అన్న. చీరెకు ఏ రంగు అన్నడు. మ్యాచింగ్ సెంటర్దాన్ని నేను, మా అమ్మకు రంగు ఇంకొకడు ఎంచుతడా? దుకాణం నుంచి ఆకుపచ్చ తాన్ల ఒక ముక్క కత్తిరిచ్చుకొని పోయి, గిదే రంగు రావాలె అని ముందల పెట్టిన. బొట్టు ఎర్రగ పెట్టిపిచ్చిన. ఫ్రేం కట్టిచ్చి దుకాణంల దేవుని పటాల పక్కన తగిలిచ్చి దండ ఏసిన. వచ్చిన ప్రతి ఆడామె, "అచ్చం మీ లెక్కనే ఉన్నది," అన్నది. జాకెట్ బట్ట జర తేడా ఉన్నా, మంచిగ కలిసిందమ్మా అని నేను వాళ్లతోని అంట కదా, వాళ్లు నాతోని గదే అన్నరు. నేను నమ్మిన.

ఊకోవచ్చు కదా నేను? ఊకోలే. పెద్దనాయినకు చూపియ్యాలె అనిపిచ్చింది. ప్రేమతోని కాదు, పగతోని. నువ్వు ఆమె నెత్తిన ఎన్ని గంపలు పెట్టినా ఆమె నవ్వు ఆగలే, సూడు, అని ఆ ముసలాయన మొఖం మీదనే అనాలె. దండ తీసి, ఫ్రేంను బట్టల చుట్టుకొని, ఆటో ఎక్కి చంపాపేట్ పోయిన.

ఇంటి ముందల ప్లాస్టిక్ కుర్చీల కూసున్నడు. మనిషి సగమైండు, కండ్లకు ఆపరేషన్ అద్దాలు. నా గొంతు ఇని, "ఎవలు, తమ్ముని బిడ్డవా? ఎన్నొద్దులకొచ్చినవ్ బిడ్డ," అన్నడు. కోడలు నీళ్లు తెచ్చింది. నేను ముట్టలే. బట్ట ఇప్పి ఫ్రేం ఆయన ఒడిల పెట్టిన. "సూడు. నువ్వు సంపినామె. మంచిగ సూడు," అన్న.

ఆయన అద్దాలు తుడుసుకున్నడు. దగ్గరికి పెట్టుకొని చూసిండు, దూరం పెట్టి చూసిండు. "ఎవలు బిడ్డ గీమె?" అన్నడు.

"ఎవలా? నీ తమ్ముని పెండ్లాం! నీ చేతి కింద సచ్చేదాంక సున్నం మోసినామె! గంత జల్ది మర్సిపోయినవా?" అని ఒర్రిన. లోపల్నుంచి మనుషులు బయటికొచ్చిండ్రు.

"కాదు బిడ్డ. గిది మీ అమ్మ కాదు," అన్నడు.

"అబద్ధాలు ఆడకు ముసలోడా," అన్న. ఆ మాట నోట్ల నుంచి ఎల్లిపోయింది, ఆయన కొడుకు నా మీదికి రాబోయిండు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపిండు. సంచిల నుంచి పూరా ఫోటో తీసి ఆయన మోకాళ్ల మీద పరిచిన. నవ్వేటామె మీద ఏలు పెట్టిన. "గీమె ఎవలు మరి?"

"గీమె బంగ్లా తోటమాలి పెండ్లాం. పేపరోడు ఫోటో తీస్తున్నడని ఉరికొచ్చి, మా గంప ఒకటి నెత్తిన పెట్టుకొని నిలబడ్డది. సూస్తలేవా, ఖాళీ గంప. సున్నం గంప మోసేటోళ్లు గట్ల పండ్లికిలిస్తరా బిడ్డ?" అన్నడు. అని ఏలు జరిపి, ఆఖరున గోడ దిక్కు తిరిగిన మనిషి మీద పెట్టిండు. "గిది మీ అమ్మ."

"మొఖం లేకుండ ఎట్ల చెప్తవ్?"

"నడుమ నేనున్న కదా బిడ్డ. బావ ముందల మీ అమ్మ మొఖం తెరిసి నిలబడ్తదా?"

నాకు తెల్వని ముచ్చట కాదు. మా ఇండ్లల్ల తమ్ముని పెండ్లాం బావ ఎదురుంగ, అంటే మొగని అన్న ఎదురుంగ, రావొద్దు, వచ్చినా కొంగు మొఖం మీదికి గుంజుకోవాలె, పక్కకు తిరగాలె, మాట్లాడొద్దు. కొత్త కోడలిగ నేనే మా బావ ముందల గట్ల ఎన్ని దినాలు తలుపు సాటుకు నిలబడలే? దుకాణం పెట్టినంకనే గది బంద్ చేసిన. గంత తెలిసి గూడ, పెద్దనాయిన పక్కన పండ్లన్నీ చూపిస్తున్న ఆడామెను చూసి మా అమ్మే అనుకున్న. బతికే ఉన్నదో ఏమో ఆ తోటమాలి పెండ్లాం, దండ ఏసి దినాం ఊదుబత్తి ముట్టిస్తున్న!

అప్పుడు ఆ ముసలాయన మీద కోపం ఇంత లేసింది నాకు. మొత్తం నా బతుకుల ఒక్క ఫోటో, ఆ ఫోటోల అమ్మ మొఖం దాసుకున్నది ఈయన వల్లనే. జర పక్కకు నిలబడి ఉంటె ఏం పోయేది? ఆమె ఒక్కపాలి తల ఎత్తి ఉండు కదా! గదే అన్న ఆయనతోని. ఆయన తల ఊపిండు.

"సరే, ఫోటో ఏడపాయె. నువ్వన్న చెప్పు. ఆమె మొఖం ఎట్లుండె? మా నాయిన లేడు, మేనత్త లేదు, నువ్వొక్కనివే మిగిలినవ్. చెప్పు," అన్న.

"నేను సూడలే బిడ్డ."

"ఏందీ?"

"నేనెన్నడూ సూడలే. బావను కదా. ఆమె మొఖం దాసుకునేది, నేను తల దించుకునేటోన్ని. అన్ని ఏండ్లు నా చేతి కింద పని చేసింది, ఒక్కపాలి గూడ మీ అమ్మ మొఖం దిక్కు సూడలే."

"మరి గిది మా అమ్మ అని ఎట్ల గుర్తువట్టినవ్?"

"కాళ్లు," అన్నడు. వంగి, ఫోటోల మెట్టు మీద ఉన్న ఆ ఉత్త పాదాల మీద ఏలు పెట్టిండు. "ఎడమ కాలు జర లోపలికి పెట్టి నిలబడేది. బొటనేలు పక్క ఏలు పొడుగు. సున్నానికి మడిమెలు పలిగి తెల్లగ ఉండేటియి. నిచ్చెన మీద ఎవలు ఎక్కుతున్నరో పైకి సూడకుండనే చెప్పేటోన్ని, మరదలు కాళ్లొచ్చినయంటె గంప అందుకోండ్రా అనేటోన్ని."

నేను ఇంక ఇడిసిపెట్టలే. "పోయిన్నాడన్న సూసి ఉంటవ్ కదా. పండవెట్టినప్పుడు మొఖం మీద కొంగు లేకుండె కదా. అందరు సూసిండ్రు కదా!"

"నేను కాళ్ల దిక్కు నిలబడ్డ బిడ్డ," అన్నడు.

నాకేమయిందో ఏమో, చెప్పులు ఇడిసి, చీరె కుచ్చిళ్లు జర పైకి పట్టుకొని ఆయన ముందల నిలబడ్డ. సిగ్గు లేకుండ, అంత మంది చూస్తుంటె. "సూడు. నాయి గట్లనే ఉన్నయా? అమ్మయి లెక్క ఉన్నయా?" అన్న.

ఆయన అద్దాలు సదురుకొని చానసేపు చూసిండు. ఉన్నయి అనాలె అని ఎంత అనుకున్ననో. అబద్ధమన్న ఆడాలె అనుకున్న.

"లేవు బిడ్డ. నీయి మా తమ్ముని కాళ్లు," అన్నడు.

చెప్పులు ఏసుకొని బయటికొచ్చిన. గల్లి దాటేదాంక వెనక్కి తిరగలే. ఇప్పుడు నా కోపం ఆయన మా అమ్మతోని సున్నం మోపిచ్చినందుకు కాదు. ఆ మనిషికి మా అమ్మ కాళ్లన్న యాదికున్నయి, నాకు అవి గూడ లేవు. గది నేను ఆయనను మాఫ్ చెయ్య.